తెలుపు అనే సిరా లేదు

తార్తూలో నవంబరు. మూడింటికే చీకటి.
ఎండెల్ బీరువా తెరిచి ఒక షీటు లాగి
బల్ల మీద పరిచాడు.
నూటఇరవై గ్రాములు, చేతికి తగిలే నూగు,
బంతిపువ్వుకీ తేనెకీ మధ్య
ఎక్కడో ఆగిపోయిన పసుపు.
"సల్మె గారికి ఇదే కావాలట.
నూటయాభై కాపీలు. ఆదివారానికి."

కామెర్ల కంటికి లోకమంతా పచ్చన అంటారు.
ఇవాళ నా పని
ఆ కంటిని తయారుచేయడం.

తెర మీద పేజీ తెల్లగా మండుతోంది,
ఏ గుజ్జులోంచీ పుట్టని తెలుపు.
దాని మీద పసుపు పొర పరిచి
"కాగితం" అని పేరు పెట్టి తాళం వేశాను.
పై పొరలన్నిటికీ ఒకటే మాట:
మీరు మూతలు కారు, గాజుపలకలు.
కింద ఉన్నదాన్ని కప్పేయకండి,
దాంతో గుణించుకోండి.

ఎంత పసుపు?
రెండు గంటలు తినేసింది ఆ ఒక్క ప్రశ్న.
కొలిచే పరికరాన్ని కాగితం మీద బోర్లిస్తే
మూడు అంకెలు చెప్పి ఊరుకుంది.
ఉన్నవి ఉన్నట్టు ఎక్కిస్తే
తెర మీద ఆవపిండి.
తగ్గించాను. మజ్జిగ తేట.
షీటు తీసుకుని గదంతా తిరిగాను.
బల్బు కింద అదొక రంగు,
కిటికీ దగ్గర ఇంకొకటి,
ఎండెల్ చేతిలో మూడోది.
కాగితం వెలుగు అప్పు తెచ్చుకుని బతుకుతుంది,
తెర పుట్టు ధనవంతురాలు.
ఇద్దరికీ వియ్యం ఎలా కుదర్చను?

చివరికి దీపాలు సగం ఆర్పి
తెరని కాగితమంత పేదగా మార్చి
రెండిటి మధ్యా బొటనవేలు పెట్టి చూశాను.
వేలు ఒక్కటే పరాయిగా కనిపించింది.
చాలు.

అప్పుడు దింపాను ఫొటో.
ఆర్వెడ్, మంచులో, తేనెపెట్టెల మధ్య.
మంచు పచ్చబడింది.
గడ్డం పచ్చబడింది.
నీలం పెట్టెలు పచ్చికలా మారాయి.

సల్మె గారు కోటు విప్పకుండానే
తెర ముందు కూర్చున్నారు.
"మంచు ఏది?"
"ఇదేనండీ మంచు. మా దగ్గర
తెలుపు అనే సిరా లేదు.
తెలుపంటే మేం ముట్టకుండా వదిలేసిన చోటు,
అక్కడ మీ కాగితమే ఉంటుంది."
"ఈ పెట్టెలు నీలంవి.
ప్రతి మే నెలలో మళ్ళీ రంగు వేసేవాడు.
చొక్కాలన్నీ మరకలే."
"పసుపు మీద నీలం నిలవదండీ.
తెల్ల కాగితం తీసుకుందామా?"

ఆవిడ షీటు ఎత్తి వాసన చూశారు,
మైనం ఉంటుందేమో అన్నట్టు.
తడిసి ఆరిన అట్టపెట్టె వాసన తప్ప
దానిలో ఏమీ లేదని నాకు తెలుసు.
చాలాసేపు కిందికి దించలేదు.
"వద్దు. ఉత్త నలుపులో వేయండి.
ఆ పెట్టెలు ఏ రంగువో
వచ్చేవాళ్ళందరికీ తెలుసు."

శనివారం పొద్దున్నే మొదటి షీటు బయటికొచ్చింది.
"హిల్యె," అన్నాడు ఎండెల్, చాలా నెమ్మదిగా,
అతను అరిచే పద్ధతి అదే.
పొర ఆర్పడం మరిచాను.
పసుపు కాగితం మీద
నా పసుపు కూడా అచ్చయింది,
కాచిన కొద్దీ ముదిరిన పాకంలా.

కానీ మా మిషను అంచుదాకా వేయలేదు.
చుట్టూ గోరంత వెడల్పున
అసలు కాగితం మిగిలింది.
మధ్యలో నేను ఊహించిన కాగితం.
వారం రోజుల పని, ఒకే షీటు మీద, పక్కపక్కన.
నాది కొంచెం ఎర్రన.
ఎప్పటినుంచో అనుమానమే నాకు.

పొర ఆర్పేశాను. నూటయాభై సరిగ్గానే వచ్చాయి,
నల్లటి మనిషి, నల్లటి పెట్టెలు,
మంచు ఉండాల్సిన చోట తేనె.
పాడైన షీటుని ఎండెల్ నాలుగు మడతలు పెట్టి
ఊగే బల్ల కాలి కింద తోశాడు.
బల్ల ఇంకా ఊగుతూనే ఉంది.